పాత అప్లికేషన్‌ను మార్చే ముందు ఏ వివరాలు సేకరించాలి

‘సాఫ్ట్‌వేర్ నెమ్మదిగా ఉంది’ అన్న ఒక్క మాట పట్టుకుని ఏ పనీ మొదలుపెట్టలేం. ఎవరికి, ఏ తెర మీద, ఏ పూట, ఎంతసేపు? ఇవి తెలిసేదాకా కోడ్ జోలికి వెళ్లవద్దని నాతో పనిచేసే కొత్తవాళ్లకు గట్టిగా చెబుతాను. నా చేతికి వచ్చేవి ఎక్కువగా మందుల హోల్‌సేల్ వ్యాపారుల బిల్లింగ్, స్టాకు అప్లికేషన్లు. పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాష, మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ మీద ఏళ్లుగా నడుస్తున్నవి.

ముందు బిల్లు కొట్టే మనిషి పక్కన ఒక పూట కూర్చోండి. అడ్డు ప్రశ్నలు వేయకుండా చూడండి. కంప్యూటర్ పక్కన నోటుపుస్తకం ఉంటే అందులో ఏముందో అడిగి చూడండి. ఎక్స్‌పైరీ దగ్గరపడిన బ్యాచ్‌లను చేత్తో రాసుకుంటున్నారంటే అప్లికేషన్‌లో ఆ జాబితా లేదన్నమాట, లేదా ఉన్నా దాని మీద నమ్మకం పోయిందన్నమాట. బిల్లు మొత్తాన్ని కాలిక్యులేటర్‌తో మళ్లీ కూడుతుంటే మరింత జాగ్రత్తపడాలి. ఎప్పుడో లెక్క తప్పి ఉండవచ్చు. ఆ పాత బిల్లు నంబరు అడిగి రాసుకోండి. సర్వర్ రాసుకునే చిట్టాల్లో, అంటే లాగుల్లో, ఎక్కడా దొరకని సమాచారం ఇది. అందుకే నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది.

వచ్చేముందు కౌంటర్‌లో ఒక కాగితం పెట్టి రండి: సమయం, తెర పేరు, బిల్లు నంబరు, ఏం జరిగింది, అప్పుడు వాళ్లేం చేశారు. రాసే తీరిక లేనివాళ్లు తెర మూలన గడియారం కనిపించేలా ఫోనుతో ఫొటో తీస్తే చాలు.

ఇక సర్వర్. పాత లాగులను మొదటిరోజే వేరే చోటికి కాపీ చేయండి; ఉబుంటు ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఎన్జినెక్స్ (బ్రౌజర్ అభ్యర్థనలను అందుకునే వెబ్ సర్వర్) లాగులు మామూలుగా 14 రోజుల తర్వాత చెరిగిపోతాయి. ఎన్జినెక్స్ తనంతట తాను రాసే లాగ్‌లో ఒక్కో అభ్యర్థనకు పట్టిన సమయం ఉండదు. లాగ్ ఫార్మాట్‌లో మొత్తం సమయాన్నీ, వెనక ఉన్న పీహెచ్‌పీ తీసుకున్న సమయాన్నీ విడివిడిగా చేర్చండి. మొదటిది ఎక్కువగా, రెండోది తక్కువగా ఉంటే కోడ్‌ను వదిలి ముందు దుకాణంలోని ఇంటర్నెట్ కనెక్షన్ చూడండి.

మైఎస్‌క్యూఎల్‌లో స్లో క్వెరీ లాగ్ (ఆలస్యమైన క్వెరీల, అంటే డేటాబేస్‌ను అడిగే ప్రశ్నల, చిట్టా) మొదట్లో ఆపి ఉంటుంది. ఆన్ చేసినా 10 సెకన్లు దాటిన క్వెరీలనే పట్టుకుంటుంది. కొనేవాడు ఎదురుగా నిలబడి ఉండగా 10 సెకన్లంటే చాలా ఎక్కువ. 1 సెకనుకు తగ్గించండి. సర్వర్ నడుస్తుండగా మార్చిన ఈ హద్దు కొత్త కనెక్షన్లకే వర్తిస్తుంది, కాబట్టి పాత కనెక్షన్లు తెగి మళ్లీ కలిసేలా చూసుకోవాలి. ఇంకో మెలిక ఉంది. మైఎస్‌క్యూఎల్ 5.7 వెర్షన్ నుంచి ఈ లాగ్‌లో సమయం, మనం మార్చకపోతే, యూటీసీలో (మన సమయం కన్నా అయిదున్నర గంటలు వెనక) పడుతుంది. కౌంటర్ కాగితం మీద 11:10 అని ఉంటే లాగ్‌లో 5:40 దగ్గర వెతకాలి. అన్నట్టు, ఆ లాగ్‌లో క్వెరీలు విలువలతో సహా పడతాయి. కొనేవారి పేర్లు, ఫోను నంబర్లు చెరిపేశాకే ఎవరికైనా పంపండి.

ఎన్నాళ్లు సేకరించాలి? ఈ వ్యాపారంలో కనీసం ఒక నెల పూర్తిగా. నెలనెలా రిటర్న్ వేసేవారికి జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల వివరాల జీఎస్‌టీ రిటర్న్) గడువు తర్వాతి నెల 11. ఆ ముందు రోజుల్లో రిపోర్టులన్నీ ఒక్కసారిగా తీస్తారు. 15 నుంచి 22 వరకు మాత్రమే చూస్తే అప్లికేషన్ నిక్షేపంగా ఉన్నట్టే కనిపిస్తుంది.

సగటును నమ్మకండి. 100 బిల్లుల్లో 95 బిల్లులు 0.2 సెకన్లలో, 5 బిల్లులు 12 సెకన్లలో వచ్చాయనుకుందాం. సగటు 0.79 సెకన్లే. ఫోన్ చేసి అరిచేది ఆ అయిదుగురే కదా! ఆ అయిదింటినీ విడిగా తీయండి. చాలాసార్లు అవి ఒకే తెరవో, ఒకే పెద్ద పార్టీవో అయి ఉంటాయి.

కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్ వాడుతుంటే, గత ఏడాదిలో ఎక్కువసార్లు మారిన ఫైళ్ల జాబితా కూడా తీసి పెట్టుకోండి.

చివరికి కౌంటర్ కాగితాలనూ లాగులనూ సమయం ప్రకారం ఒకే షీట్‌లో పక్కపక్కన పేర్చండి. ఫిర్యాదు ఉండి లాగ్‌లో జాడ లేని వరుసలకు రంగు వేయండి. వాటి కోసం మళ్లీ కౌంటర్ దగ్గరికి వెళ్లి కూర్చోవాలి.