ఎండలు ముదరకముందే క్యారవాన్ ఏసీ పైపులు చూసుకోండి

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. మా నల్లగొండలో ఆ తర్వాత నెల తిరిగేసరికి బండి డోర్ హ్యాండిల్ పట్టుకుంటేనే చెయ్యి చురుక్కుమంటుంది. మే నెలలో 44 డిగ్రీలు ఇక్కడ కొత్తేం కాదు. క్యారవాన్‌లో పిల్లల్ని, పెద్దవాళ్లని ఎక్కించుకుని సాగర్‌కో, శ్రీశైలానికో, అలంపురానికో బయల్దేరేవాళ్లు టైర్లు, ఇంజన్ ఆయిల్ చూసుకుంటారు. ఏసీ ఒకసారి ఆన్ చేసి, చల్లగాలి వస్తే చాలనుకుంటారు. ఏసీ గ్యాస్ పోయే పైపులు దేనికి ఒరుసుకుంటున్నాయో చూడరు. నేనూ చూడలేదు.

మాది వ్యాన్‌ని మార్చి కట్టించిన క్యారవాన్. మూడో వేసవిలోనే ఏసీ చల్లదనం తగ్గింది. షెడ్డుకు తీసుకుపోతే గ్యాస్ అయిపోయిందని నింపారు. మూడు వారాలకు మళ్లీ అదే కథ, మళ్లీ నింపారు. అదీ పోయాక నేనే బానెట్ ఎత్తి, టార్చి పట్టుకుని ఒక్కో పైపు వెంటే చూసుకుంటూ పోయాను. బ్యాటరీ ట్రే కింద ఒక ఇనుప బ్రాకెట్ అంచు దగ్గర, అల్యూమినియం పైపు మీద బియ్యపుగింజంత మేర వెండిలా మెరుస్తోంది. దాని చుట్టూ దుమ్ము నూనెకు తడిసి నల్లగా ముద్దకట్టింది. గోరుతో తడిమితే గాడి తగిలింది. పైపును పట్టి ఉంచాల్సిన క్లాంపులో రబ్బరు ఎప్పుడో ఊడిపోయింది. ఇంజన్ ఊగినప్పుడల్లా ఆ అంచు ఆకురాయిలా పైపును అరగదీసింది.

ఏసీ గ్యాస్ డీజిల్‌లాగా ఖర్చయ్యేది కాదు. ఏళ్ల మీద రబ్బరు గొట్టాల్లోంచి, సీళ్లలోంచి కొంచెం తగ్గితే తగ్గొచ్చు. వారాల్లో పోయిందంటే ఎక్కడో చిల్లి పడ్డట్టే. ఆ చిల్లి పట్టుకోకుండా గ్యాస్ నింపించడం డబ్బు గాలికి వదలడమే. పైగా గ్యాస్‌తో పాటు, దాన్ని నొక్కి తిప్పే కంప్రెసర్‌కి కావాల్సిన నూనె కూడా బయటికి పోతుంది. నూనె లేక కంప్రెసర్ పట్టేసిందంటే పైపు ఖర్చుకు ఎన్నో రెట్లు పెట్టాల్సి వస్తుంది.

ఈ అరుగుడు మామూలు కారులో కన్నా క్యారవాన్‌లో ఎక్కువ. ఇంజన్ గది ఇరుకు. వెనక గదికి కూడా చల్లదనం పోవాలని పైపును ఫ్లోర్ కిందుగా చివరిదాకా లాగుతారు. బాడీ కట్టినవాళ్లు చాలాచోట్ల దాన్ని ప్లాస్టిక్ టైలతో ఛాసిస్‌కి కట్టేసి వదిలేస్తారు. రేకుకి రంధ్రం చేసి, రబ్బరు వాషర్ పెట్టకుండానే పైపు దూర్చేస్తారు. చూడాల్సిన చోట్లు ఇవే. వానాకాలంలో పొలాల దారుల్లో తిరిగిన బండైతే ముందు అడుగుభాగం కడిగించండి. క్లాంపు కింద బురద ఇరుక్కుంటే తడి నిలిచి, ఇనుము అల్యూమినియం కలిసినచోట పైపు తెల్లగా పొడిపొడిగా తినేసుకుపోతుంది.

పరీక్ష ఇంజన్ చల్లారాకే. బండి సమనేల మీద ఉండాలి, హ్యాండ్ బ్రేక్ వేసి చక్రాలకు రాళ్లు పెట్టాలి. జాకీ మీద లేపిన బండి కిందికి ఎట్టి పరిస్థితుల్లోనూ దూరొద్దు. జిడ్డు మరకలున్నచోట సబ్బు నురగ రాస్తే బుడగలు రావచ్చు. చిల్లి సన్నదైతే రాకపోవచ్చు కూడా. అప్పుడు లోపలికి రంగు ఎక్కించి నీలి లైటుతో వెతికే మెకానిక్ దగ్గరికి వెళ్లండి. తర్వాత ఇంజన్ స్టార్ట్ చేసి ఒకరు ఎక్సలేటర్ తొక్కుతుంటే, ఇంకొకరు చెయ్యి పెట్టకుండా దూరం నుంచి చూడాలి. ఆగి ఉన్నప్పుడు ఎడంగా కనిపించే పైపు ఇంజన్ కుదుపుకు బ్రాకెట్‌ని తాకుతుండొచ్చు.

ఇంకా గాడి పడలేదు, ఒరుపు గుర్తు మాత్రమే ఉందంటే అదృష్టమే. క్లాంపు జరిపి, కొత్త రబ్బరు వేసి, కనీసం వేలెడు ఎడం ఉండేలా చేయించండి. ఆ తర్వాతే తొడుగు. సైకిల్ ట్యూబ్ చుట్టేవాళ్లున్నారు, వేడికి అది కరిగి జిగురవుతుంది. హీటర్ గొట్టం ముక్కను నిలువుగా చీల్చి తొడిగితే నిలుస్తుంది. ఎడం చేయకుండా తొడుగు ఒక్కటే వేస్తే మాత్రం దాంట్లో ఇసుక చేరి మళ్లీ అరుగుతుంది.

గాడి పడితే పైపు మార్చాల్సిందే. ఎం-సీల్ పెట్టి సరిపెట్టొద్దు. ఎండలో ప్రెషర్ ఎక్కువుండే సన్నపైపులో ఒత్తిడి 200 పీఎస్‌ఐ దాటుతుంది. గ్యాస్ లోపల ఉండగా నట్టు విప్పొద్దు. ఆర్-134ఏ అనే ఏసీ గ్యాస్ బయటికి వస్తే మైనస్ 26 డిగ్రీల దగ్గర మరుగుతుంది, చర్మం మీద గానీ కంట్లో గానీ పడితే మంచుకాటు వేస్తుంది. దాని దగ్గర వెల్డింగ్, సిగరెట్ వద్దు, నిప్పు తగిలితే విషవాయువులు పుడతాయి. పైపు మార్చినప్పుడు అతుకుల దగ్గరి రబ్బరు ఓ-రింగులు, తేమ పీల్చే డ్రైయర్ కొత్తవి వేయించండి. అరగంటైనా వాక్యూమ్ పట్టి లోపలి గాలి, తేమ లాగేశాకే గ్యాస్ నింపాలి, అదీ తూకం ప్రకారం.

బండి పైన ఇంటి స్ప్లిట్ ఏసీ బిగించుకున్నవాళ్లు రాగి పైపుల్నీ చూడాలి. గోడకు కదలకుండా ఉండే ఇంటి కోసం చేసిన పైపులవి. గతుకులకు నట్టు దగ్గర మెడ చిట్లుతుంది.

శ్రీశైలం వెళ్లేవాళ్లకు ఇంకోమాట. దారిలో మన్ననూరు అటవీ చెక్‌పోస్టు గేటు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు. నల్లమల దారిలో సెల్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు. అక్కడ ఏసీ పోతే టెన్షన్ పడకండి. వెంటనే స్విచ్ ఆపేసి, కిటికీలు తెరిచి, నెమ్మదిగా పోనివ్వండి. కంప్రెసర్ దగ్గర గరగర శబ్దం ఆగకపోతే మాత్రం బండి పక్కకు తీసి ఇంజన్ ఆపాలి. కంప్రెసర్ పట్టేస్తే దాన్ని తిప్పే బెల్టు తెగొచ్చు. బెల్టు తెగితే చార్జింగ్ పోతుంది, కొన్ని బండ్లలో నీళ్ల పంపు కూడా ఆగిపోతుంది. మంచినీళ్లు పది లీటర్లు అదనంగా పెట్టుకోండి. పెద్దవాళ్లకు, చంటిపిల్లలకు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, తడిపి కప్పడానికి రెండు నూలు తువ్వాళ్లు సీటు కిందే ఉంచండి.