పాత స్పోర్ట్స్ కారు గేర్లు – 3వ పాఠం: గేరు పడకపోతే తప్పు క్లచ్‌దా, గేర్‌బాక్స్‌దా?

ఇంజిన్ తిప్పే బలం క్లచ్ మీదుగా గేర్‌బాక్స్‌లోకి ఎలా చేరుతుందో పోయిన పాఠంలో చూశాం. ఇప్పుడు అసలు పనిలోకి దిగుదాం. గేరు సరిగా పడటం లేదనగానే చాలామంది నోట ముందు వచ్చే మాట "సింక్రో పోయింది". సింక్రో అంటే గేరు పడే ముందు లోపల తిరిగే భాగాల వేగాలను ఒకటి చేసే రింగు. ఆ మాట నాకు బొత్తిగా నచ్చదు. క్లచ్ పూర్తిగా విడవకపోయినా నింద గేర్‌బాక్స్ మీదే పడుతుంది, ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు. గేర్‌బాక్స్ దించడం చిన్న పని కాదు. ఆ పని పెట్టుకునే ముందు కింది పరీక్షలు చేసి చూడండి, ఒక పూట చాలు.

కారును చదునైన చోట పెట్టి, హ్యాండ్ బ్రేక్ లాగి, చక్రాలకు అడ్డం పెట్టండి. ఇంజిన్ ఆపి, క్లచ్ తొక్కి, రివర్సుతో సహా గేర్లన్నీ ఒకదాని తర్వాత ఒకటి వేయండి. ఏదైనా గేరు మొరాయిస్తే కంగారు పడొద్దు. లోపల పళ్లకు పళ్లు ఎదురైనా అలాగే ఆగుతుంది. బ్రేకు, అడ్డం తీసి కారును కాస్త కదిపి, వాటిని తిరిగి పెట్టి మళ్లీ వేయండి. తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేసి, వేడెక్కాక, ఐడిలింగ్‌లో ఇదే పని చేయండి. ఆపి ఉన్నప్పుడు వెన్నలా పడిన గేర్లు ఇంజిన్ తిరుగుతున్నప్పుడు పడకపోతే అనుమానం క్లచ్ మీద. రెండు సార్లూ బిగుసుకుంటే లివర్ నుంచి గేర్‌బాక్స్ దాకా ఉన్న లింకేజీ మీద, లేదంటే గేర్‌బాక్స్ లోపలి భాగాల మీద.

క్లచ్ సంగతి గట్టిగా తేల్చేది రివర్సు. పాత గేర్‌బాక్సులు చాలావాటిలో రివర్సుకు సింక్రో ఉండదు, కాబట్టి అది ఏదీ దాచిపెట్టదు. న్యూట్రల్‌లో క్లచ్ వదిలి ఉంచితే ఇన్‌పుట్ షాఫ్ట్ (క్లచ్ నుంచి గేర్‌బాక్స్‌లోకి వెళ్లే ఇరుసు) ఇంజిన్‌తో పాటు తిరుగుతూ ఉంటుంది. క్లచ్ తొక్కగానే దానికి ఇంజిన్‌తో సంబంధం తెగి, మెల్లగా ఆగిపోవాలి. అందుకే పెడల్‌ను అడుగంటా తొక్కి, పది లెక్కపెట్టి, అప్పుడు రివర్సు వేయండి. చప్పుడు లేకుండా పడితే క్లచ్ విడుస్తున్నట్టే. తొక్కిన వెంటనే వేస్తే కరకరమని, ఆగి వేస్తే మెత్తగా పడినా పెద్ద లోపమేమీ కాదు. పది లెక్కపెట్టాక కూడా పళ్లు కొరుకుతున్నట్టు గరగరమంటే మాత్రం షాఫ్ట్ ఇంకా తిరుగుతూనే ఉంది.

అప్పుడు పెడల్‌ను రెండు మూడు సార్లు పంప్ చేసి చూడండి. దాంతో గేరు పడితే హైడ్రాలిక్ లైన్‌లో గాలి చేరిందన్నమాట, లేదా సిలిండర్ సీల్ అరిగింది. పెడల్ ఒత్తిడిని అందుకుని క్లచ్‌ను విడిపించే, గేర్‌బాక్స్ పక్కనుండే స్లేవ్ సిలిండర్ రబ్బరు తొడుగును మెల్లగా వెనక్కి తీయండి. లోపల తడి కనిపిస్తే సీల్ లీకవుతోంది. 1989లో వచ్చిన మొదటి తరం మాజ్డా ఎంఎక్స్-5లో ఇది పేరుమోసిన జబ్బు. అదృష్టం కొద్దీ ఆ సిలిండర్ బయటే ఉంటుంది, గేర్‌బాక్స్ దించకుండా మార్చుకోవచ్చు. బయట అంతా పొడిగా ఉన్నా, ఫస్ట్ గేరులో పెడల్ తొక్కి పట్టుకుంటే కాసేపటికి కారు ముందుకు పాకబోతుంటే పెడల్ దగ్గరి మాస్టర్ సిలిండర్ లోపలే ప్రెషర్ జారిపోతోంది. ఇవన్నీ బాగుండీ క్లచ్ విడవకపోతే మిగిలేవి ఇన్‌పుట్ షాఫ్ట్ కొసను మోసే పైలట్ బేరింగ్ పట్టేయడం, ఆ షాఫ్ట్ మీది గాళ్లైన స్ప్లైన్ల మీద క్లచ్ ప్లేట్ తుప్పుతో అతుక్కోవడం. అవి మాత్రం దించితేగానీ తేలవు. కేబుల్ క్లచ్ అయితే ఈ సిలిండర్ల గొడవే లేదు. ముందు కేబుల్ అడ్జస్ట్‌మెంట్ సరిచూడండి.

క్లచ్ నిర్దోషి అని తేలితే లింకేజీకి రండి. ఇంజిన్ వెనక ఉండే పోర్షే 911 లాంటి కార్లలో లివర్ నుంచి గేర్‌బాక్స్ దాకా పొడుగాటి రాడ్ వెళ్తుంది. దాన్ని కలిపే కప్లర్‌లోని ప్లాస్టిక్ బుష్‌లు (చిన్న తొడుగులు) అరిగి పొడైతే లివర్ గరిటెలా ఊగుతుంది, ఏ గేరు ఎక్కడుందో చేతికి తెలియదు. 911లో 1972 నుంచి 1986 దాకా వాడిన 915 అనే గేర్‌బాక్స్‌కు సింక్రోలు త్వరగా అరుగుతాయని పేరుంది. అయినా అక్కడ కూడా నేను ముందు చూడమనేది బుష్‌లనే. ఎంఎక్స్-5లో లివర్ నేరుగా గేర్‌బాక్స్ మీదే ఉంటుంది కాబట్టి ఈ బాధ తక్కువ. ఒక వరుస మొత్తం, అంటే ఫస్ట్, సెకండ్ రెండూ మొండికేస్తే లింకేజీ తప్పు కావచ్చు. ఒక్క సెకండ్ గేరు మాత్రమే, అదీ వేగంగా మార్చినప్పుడే గరగరమంటే అది సింక్రో లక్షణం.

సింక్రో అనుమానాన్ని రోడ్డు మీదే తేల్చుకోవచ్చు. ఖాళీ రోడ్డు మీద థర్డ్ నుంచి సెకండ్‌కు వచ్చేటప్పుడు డబుల్ క్లచ్ చేయండి: క్లచ్ తొక్కి న్యూట్రల్, క్లచ్ వదిలి కొంచెం యాక్సిలరేటర్, మళ్లీ క్లచ్ తొక్కి సెకండ్. సింక్రో చేయాల్సిన వేగాల సర్దుబాటు మీరే చేశారు కాబట్టి, చప్పుడు పోతే అరిగింది సింక్రోనే.

చలికి మాత్రమే బిగుసుకుని, నాలుగు కిలోమీటర్లు నడిచాక సర్దుకుంటే ముందు ఆయిల్ చూడండి. కారు మాన్యువల్ పుస్తకం జీఎల్-4 రకం గేర్ ఆయిల్ అడిగితే జీఎల్-5 పోయకండి. జీఎల్-5లోని సల్ఫర్, ఫాస్ఫరస్ కొన్ని పాత గేర్‌బాక్సుల ఇత్తడి సింక్రో రింగులను తినేయగలవు, పైగా సింక్రో పట్టుకు కావలసిన రాపిడిని తగ్గిస్తాయి. ఆయిల్ మార్చేటప్పుడు డ్రెయిన్ ప్లగ్ కంటే ముందు ఫిల్లర్ ప్లగ్ ఊడుతుందో లేదో చూసుకోండి. ఆయిలంతా కారిపోయాక అది రాకపోతే కారు ఉన్నచోటే ఉండిపోతుంది.

కారిన ఆయిల్‌ను పారేయకుండా ఒక శుభ్రమైన పళ్లెంలో పట్టి ఉంచండి. బంగారు రంగు మెరుపులు, ఇనుప పెచ్చులు, మాగ్నెట్‌కు అంటిన బూడిదరంగు ముద్ద ఏం చెబుతాయో 4వ పాఠంలో చూద్దాం.