బ్రూజ్ అంటే జీబ్రుగ్

యూరప్ ఓడ ప్రయాణపు పట్టికలో బెల్జియంలోని కాలువల ఊరు బ్రూజ్ పేరు చూసి, దిగగానే కాలువలు కనిపిస్తాయనుకోకండి. ఓడ ఆగేది జీబ్రుగ్‌ రేవులో. అక్కడి నుంచి ఊరు సుమారు 15 కిలోమీటర్లు. జ్విన్ అనే సముద్రపు పాయ ఒండ్రుతో పూడిపోవడంతో శతాబ్దాల కిందటే బ్రూజ్‌కు సముద్రం దూరమైంది. రేవు లోపల నడవనివ్వరు, షటిల్ బస్సు ఎక్కాల్సిందే. బ్లాంకెన్‌బర్గ్ స్టేషన్ చేరితే రైల్లో బ్రూజ్ పావుగంట. ఓడవాళ్ల టూరు కన్నా చాలా చౌక. ఊళ్లోకి వెళ్లగానే ముందు కాలువ పడవ ఎక్కేయండి. అరగంట విహారమే గానీ, మధ్యాహ్నానికి క్యూ చాంతాడంత అవుతుంది. 366 మెట్ల గంటగోపురమా, మోకాళ్లు ఒప్పుకుంటేనే! తిరుగు రైలు మాత్రం ఓడ కదిలే వేళకు బాగా ముందుగా పట్టుకోండి. సొంతంగా వెళ్లినవారి కోసం ఓడ ఆగదు.