హరిణ వనస్థలిలో కృష్ణ జింకను చూడాలంటే ఎలా?

హైదరాబాద్‌లో విజయవాడ బస్సెక్కి ఎల్‌బీ నగర్ దాటాక ఆటోనగర్ వస్తుంది. లారీలు, మెకానిక్ షెడ్లు, హారన్ల మోత. ఆ రోడ్డు పక్కనే 14.59 చదరపు కిలోమీటర్ల అడవి ఉందని, అందులో కృష్ణ జింకలు గుంపులుగా తిరుగుతున్నాయని చెబితే హైదరాబాద్‌లో పుట్టి పెరిగినవాళ్లు కూడా చాలామంది నమ్మరు. అదే మహావీర్ హరిణ వనస్థలి జాతీయ ఉద్యానవనం. ఒకప్పుడు ఇది నిజాం వేటకు వెళ్లిన అడవి. మహావీరుడి 2500వ నిర్వాణ సంవత్సరం సందర్భంగా 1975లో ఆయన పేరు పెట్టి జింకలకు వదిలేశారు. వేటాడిన చోటుకే అహింసను బోధించినవాడి పేరు పెట్టడం నాకు ఎప్పటికీ నచ్చే విషయం. 1994లో జాతీయ ఉద్యానవనమైంది. నగరంలోని కేబీఆర్ పార్కు అందరికీ తెలుసు కదా, ఇది దానికి దాదాపు తొమ్మిది రెట్లు ఉంటుంది.

1. ముందు ఏది ఏ జింకో తెలుసుకోండి

మనం అన్నిటినీ జింక అనేస్తాం గానీ తెలుగులో వీటికి చక్కగా వేరువేరు పేర్లున్నాయి. ఒంటి మీద తెల్ల చుక్కలుంటే దుప్పి. కృష్ణ జింకల్లో మగదాన్ని ఇర్రి అంటారు, ఆడదాన్ని లేడి అంటారు. దుప్పి కొమ్ములు కొమ్మల్లా చీలి ఉంటాయి, ఏటా రాలిపోయి మళ్లీ మొలుస్తాయి. ఇర్రి కొమ్ములు మాత్రం చీలవు, రాలవు. తాడు పేనినట్టు మెలికలు తిరుగుతూ నిటారుగా పైకి పోతాయి. లేడికి మామూలుగా కొమ్ములుండవు.

రంగు కూడా చూడండి. పిల్లలు, లేళ్లు, కుర్ర ఇర్రులు లేత గోధుమ రంగులో ఉంటాయి. ఇర్రికి వయసు వచ్చేకొద్దీ వీపు నల్లబడుతుంది. పొట్ట, కళ్ల చుట్టూ ఉండే వలయం తెల్లగానే ఉంటాయి. పొద్దుటి ఎండలో ఆ నలుపు, ఆ తెలుపు పక్కపక్కన చూశాక ఆంధ్రప్రదేశ్ తన రాష్ట్ర జంతువుగా దీన్నే ఎందుకు పెట్టుకుందో ఎవరూ చెప్పక్కర్లేదు.

2. వేళ చూసుకుని బయల్దేరండి

అన్నిటికన్నా ముఖ్యం ఇదే. మొదటిసారి పిల్లల్ని తీసుకుని ఆదివారం పదకొండింటికి వెళ్లాం. రెండు నెమళ్లు తప్ప ఏమీ కనిపించలేదు, పిల్లల మొహాలు వాడిపోయాయి. ఎండెక్కితే జంతువులు పొదల నీడకు చేరతాయి. గేటు తెరవగానే లోపలికి వెళ్లేలా ప్లాన్ చేసుకోండి, లేదంటే సాయంత్రం ఎండ తగ్గాక వెళ్లండి. అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది. వేళలు, వారపు సెలవు, లోపల తిరగడానికి ఆ రోజు బండి ఉందా లేదా అన్నది ముందురోజే కనుక్కోండి.

3. చేరుకోవడం

మెట్రోలో ఎల్‌బీ నగర్ దాకా వెళ్లి అక్కణ్నుంచి ఆటో పట్టుకుంటే సరిపోతుంది. నీళ్లు, టోపీ, ఉంటే బైనాక్యులర్స్ తీసుకెళ్లండి. మట్టి రంగు, ఆకుపచ్చ బట్టలు మంచివి. సెంటు కొట్టుకోవద్దు.

4. లోపల నడవడం కన్నా ఆగడం ఎక్కువ చేయండి

ఇర్రికి గుబురు అడవి కన్నా గడ్డి మైదానమే ఇష్టం. దాని ధైర్యమంతా చూపులోనూ పరుగులోనూ ఉంది, చుట్టూ ఖాళీగా ఉంటేనే ఆ రెండూ పనికొస్తాయి. కాబట్టి పొదల్లోకి తొంగిచూడకుండా, గడ్డి ఉన్న ఖాళీ జాగా కనిపించినచోట పక్కగా నిలబడిపోండి. పది నిమిషాలు మాటలు వద్దు. ఫోన్ సైలెంట్‌లో పెట్టండి.

నేల మీద ఒకేచోట కుప్పగా నల్లటి పెంటికలు కనిపిస్తే అది ఇర్రి గీసుకున్న హద్దు. మళ్లీ మళ్లీ అక్కడికే వచ్చి వేస్తుంది. దగ్గర్లోనే ఎక్కడో ఉంటుందన్నమాట. అదృష్టం బాగుంటే లేడి ముందు దాని నడక చూడొచ్చు. మూతి ఆకాశానికెత్తి, కొమ్ములు వీపుకు ఆనేలా తల వెనక్కి వాల్చి, అడుగులో అడుగేసుకుంటూ వస్తుంది. నేను ఆ నడక ఒక్కసారే చూశాను. ఫోన్ తీయాలని కూడా తోచలేదు.

గుంపు ఉలిక్కిపడిందంటే ముందు ఒకటి గాల్లోకి ఎగురుతుంది, వెంటనే మిగతావీ ఎగురుతాయి. అందంగానే ఉంటుంది గానీ అది భయం. దానికోసం చప్పట్లు కొట్టకండి, అరవకండి.

5. తల పైకెత్తి కూడా చూడండి

పాలపిట్ట తెలంగాణ రాష్ట్ర పక్షి. దసరాకు దాన్ని చూస్తే శుభమని పంజరాల్లో పెట్టి డబ్బులకు చూపించేవాళ్లున్నారు. దయచేసి వాళ్లకు రూపాయి కూడా ఇవ్వకండి. ఇలాంటి చోటుకు రండి. ఎండుకొమ్మ మీద మట్టి ముద్దలా కూర్చుని ఉంటుంది, రెక్క విప్పగానే నీలం మెరుస్తుంది. పండక్కి పిల్లలకు చూపించాల్సింది అదీ.

6. తినేవి గేటు బయటే

జింకలకు బిస్కెట్లు, చిప్స్ పెట్టొద్దు. అటవీ జంతువులకు మన తిండి పడదు, పైగా ఉప్పు వాసనకు ఖాళీ కవర్ కూడా మింగేస్తాయి. ఒకవేళ లోపల మీరు ఏదన్నా ప్యాకెట్ విప్పి ఉంటే, బయటికొచ్చేటప్పుడు ఆ కవర్లన్నీ మీ సంచిలోనే ఉన్నాయో లేదో ఒకసారి లెక్క చూసుకోండి.