క్రూజ్‌లో ఫార్మల్ నైట్: మగవాళ్లు ఏం వేసుకోవాలి, సూటు నలగకుండా ఎలా తీసుకెళ్లాలి?

క్రూజ్ బుక్ చేశాక మన ఇళ్లలో ఆడవాళ్లు నెల ముందే చీరలు తీసి, ఏ రోజు ఏది కట్టాలో, దాని మీదకి ఏ నగో కూడా తేల్చుకుని పెట్టుకుంటారు. మగవాళ్లు మాత్రం బయల్దేరే ముందు రాత్రి బీరువాలో ఉన్న బ్లేజర్‌ని నాలుగు మడతలు పెట్టి సూట్‌కేసులో చెప్పుల పక్కన కుక్కేస్తారు. రెండో రోజు సాయంత్రం అదే బ్లేజర్, వీపు మీద అడ్డంగా ఇంత గీతతో, డైనింగ్ హాల్ ముందు ఫొటోకి నిలబడుతుంది. పక్కన భార్య కంచిపట్టు చీరలో, ఈయన నలిగిన కోటులో. ఇది చూసి చూసి విసుగొచ్చే రాస్తున్నాను, ఎందుకంటే దీనికి డబ్బు అక్కర్లేదు, కాస్త శ్రద్ధ ఉంటే చాలు.

ఫార్మల్ నైట్ అంటే ఓడలో అందరూ బాగా తయారై డిన్నర్‌కి వచ్చే సాయంత్రం. ముందు అలాంటి ఎన్ని సాయంత్రాలకి తయారవ్వాలో తెలుసుకోండి. సాధారణంగా మూడు నుంచి ఐదు రాత్రుల ప్రయాణంలో ఒక ఫార్మల్ నైట్, వారం రోజులదైతే రెండు ఉంటాయి. మొదటిది ఎక్కువగా రెండో రోజునే, అంటే ఓడ ఏ ఊళ్లోనూ ఆగకుండా రోజంతా సముద్రంలో ఉండే రోజున పెడతారు. క్రూజ్ కంపెనీల్లో ప్రిన్సెస్ వాళ్లు దీన్ని ఫార్మల్ అంటారు, కార్నివాల్ వాళ్లు ఎలిగెంట్ అంటారు, సెలబ్రిటీ వాళ్లు ఈవెనింగ్ చిక్ అంటారు. నార్వేజియన్‌లో అసలు బలవంతమే లేదు. అన్నిటికంటే గట్టిగా పాటించేది క్యునార్డ్. 2004 నుంచి తిరుగుతున్న వాళ్ల క్వీన్ మేరీ 2 ఓడలో సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్ వెళ్లేటప్పుడు గాలా ఈవెనింగ్ (ఫార్మల్ నైట్‌కి వాళ్ల పేరు) అంటే మగవాళ్లలో చాలామంది బో టై కట్టుకునే కనిపిస్తారు. మీ ఓడ పద్ధతేంటో ఆ కంపెనీ యాప్‌లోనో, టికెట్ కాగితాల్లోనో ఉంటుంది, చదవండి. సూటు వద్దనుకునేవాళ్లు మామూలుగా బఫేకి వెళ్లి తినొచ్చు, ఎవరూ ఏమీ అనరు. కానీ మెయిన్ డైనింగ్ రూమ్‌కి నిక్కరు, టోపీ, చేతుల్లేని బనియన్‌తో మాత్రం వెళ్లకండి, చాలా ఓడల్లో లోపలికి రానివ్వరు కూడా.

ఇక ఏం వేసుకోవాలి. ముదురు నేవీ బ్లూ సూటు. నలుపు కాదు, నేవీ. ఓడలో డైనింగ్ హాల్ దీపాలు పసుపుగా ఉంటాయి, ఆ వెలుగులో చవక నలుపు వెలిసిపోయినట్టు కనిపిస్తుంది, పైగా దాని మీద ప్రతి నూలుపోగూ తెలుస్తుంది. నేవీ సూటయితే ఇంటికొచ్చాక ఆఫీసుకీ వేసుకోవచ్చు, పెళ్లికీ వేసుకోవచ్చు. బట్ట ఉన్నిది అయ్యుండాలి, లేదా ఉన్ని ఎక్కువ పాళ్లలో ఉన్నది. లినెన్ సూటు క్రూజ్‌కి పనికిరాదు, కుర్చీలో ఒక్కసారి కూర్చుంటే చాలు నలిగిపోతుంది.

టక్సీడో, అంటే బో టైతో వేసుకునే పార్టీ సూటు, కొనాలా అని చాలామంది అడుగుతారు. అక్కర్లేదు. టక్సీడో అంటే దాని చొక్కా వేరు, గుండీలు వేరు, నడుముకి పట్టీ వేరు, బూట్లు కూడా మెరిసేవి వేరు, వీటిలో ఏ ఒక్కటి తగ్గినా అరకొరగా ఉంటుంది. చరిత్ర చూసినా అది మరీ అంత పెద్ద దుస్తేం కాదు. 1880లలో న్యూయార్క్ దగ్గర టక్సీడో పార్క్‌లో డబ్బున్నవాళ్లు వెనక తోకలుండే పొడుగు కోటు బదులు సుఖంగా ఉంటుందని వేసుకున్న పొట్టి కోటు అది, ఆ ఊరి పేరే దానికి వచ్చింది. సుఖం కోసం వచ్చినదాన్ని మనం తంటాలు పడి మోసుకెళ్లడం దేనికి? క్యునార్డ్‌లో కూడా ముదురు రంగు సూటూ టైతో గాలా ఈవెనింగ్‌కి వెళ్లొచ్చు.

పెళ్లి రిసెప్షన్‌కి కుట్టించిన తళతళలాడే సూటు, ల్యాపెల్ (కోటు ముందు కాలర్ నుంచి కిందికి మడిచి ఉండే పట్టీ) మీద రాళ్లున్నది, దయచేసి ఇంట్లోనే ఉంచండి. అది స్టేజీ మీద, వీడియో లైట్ల కోసం కుట్టిన సూటు. భార్య చీర రంగుకి సరిపోయేలా గులాబీ రంగు టై, అదే గుడ్డతో జేబు రుమాలు ఉన్న సెట్లు అమ్ముతారు చూడండి, అవీ వద్దు. తెల్ల చొక్కా, ముదురు మెరూన్ టై, నల్ల లేసు బూట్లు, నల్ల పొడుగు సాక్సులు, నల్ల బెల్టు, అంతే. బూట్ల అడుగు రబ్బరుది అయితే మంచిది, రాత్రి డెక్ తడిగా ఉంటుంది.

కొత్త సూటయితే వేసుకునే ముందు ఒక్కసారి లైటు కింద పెట్టి చూడండి. కోటు ఎడమ చేతి అంచున కంపెనీ పేరున్న చిన్న గుడ్డముక్క కుట్టి ఉంటుంది. అది షాపులో వెతుక్కోవడానికి పెట్టింది, విప్పి తీసేయాలి. దాన్ని అలాగే ఉంచుకుని, ఫొటోలో కనిపించేలా చెయ్యి పెట్టేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. కోటు వెనక చీలిక దగ్గర ఇంటూ గుర్తులా దారంతో ఒక కుట్టు ఉంటుంది, అదీ తెంపేయాలి, లేకపోతే కూర్చున్నప్పుడు కోటు వెనక ఉబ్బుతుంది. చిన్న కత్తెరతో దారం మాత్రమే తెంపండి, బ్లేడు వాడితే బట్ట తెగుతుంది. ఛాతీ మీది జేబు కుట్టు విప్పండి, పక్క జేబులవి విప్పకండి, విప్పితే ఫోను అందులోనే పెడతారు, కోటు ఒక పక్కకి జారుతుంది. ప్యాంటు పొడవు బూటు మీద కొంచెం ఆనితే చాలు, చీలమండ దగ్గర గుట్టగా పడకూడదు. ఆల్టరేషన్‌కి టైలర్ తీసుకునేది కొద్ది డబ్బే, కానీ సూటు మొత్తం కళ మారిపోతుంది.

నాన్నగారినో, మామగారినో తీసుకెళ్తుంటే వాళ్లకి ఇప్పుడు సూటు కుట్టించి ఇబ్బంది పెట్టకండి. పట్టుపంచె, పట్టు లాల్చీ, భుజాన కండువా, ఏ డైనింగ్ హాల్‌కైనా అంతకంటే గౌరవమైన దుస్తు లేదు. సంప్రదాయ దుస్తులు వేసుకోవచ్చని క్యునార్డ్ లాంటి కంపెనీలు నియమాల్లోనే రాస్తాయి. పంచె లోపల బెల్టు పెట్టించండి, భోజనం తర్వాత డెక్ మీదకి వెళ్తే గాలి గట్టిగా కొడుతుంది. మీకే సూటంటే చిరాకైతే ముదురు రంగు జోధ్‌పురి కోటు వేసుకోండి, టై గొడవ ఉండదు. కుర్తా మీద జీన్స్ ప్యాంటు మాత్రం ఫార్మల్ నైట్‌కి కాదు.

ఇప్పుడు అసలు విషయం, మడత. అన్నీ సరిగ్గా కొని ఇక్కడే పాడు చేసుకుంటారు, కాబట్టి ఇది నిదానంగా చదవండి, వీలైతే కోటు చేతిలో పట్టుకుని చదవండి.

డాలస్ నుంచో, హ్యూస్టన్ నుంచో కారులో టెక్సాస్‌లోని గాల్వెస్టన్ ఓడరేవుకి వెళ్లి ఓడ ఎక్కేవాళ్లకి ఈ బాధ లేదు, హ్యాంగర్‌కి తగిలించి కవరు వేసి వెనక సీటు దగ్గర వేలాడదీసుకుని వెళ్లొచ్చు. విమానం ఎక్కేవాళ్లందరికీ మడత తప్పదు.

ముందు జేబులన్నీ ఖాళీ చేయండి, పెన్నూ, పాత టికెట్టూ కూడా. గుండీలు విప్పండి. కోటు ముందు భాగం మీకు ఎదురుగా ఉండేలా పట్టుకుని రెండు చేతులూ లోపలి నుంచి రెండు భుజాల్లోకి పెట్టండి. ఇప్పుడు ఎడమ చేతిలో ఉన్న భుజాన్ని మాత్రం తిరగేయాలి, అంటే లైనింగ్ బయటికి రావాలి. చాలామంది ఇక్కడే తప్పుతారు. భుజంతో పాటు కోటు చెయ్యి కూడా బయటికి లాగి తిరగేస్తారు. అలా చేయకూడదు. భుజం ఒక్కటే తిరగబడాలి, చెయ్యి దానంతట అది లోపలే ఉండిపోవాలి.

ఆ తర్వాత, మామూలుగానే ఉన్న రెండో భుజాన్ని తీసుకెళ్లి తిరగేసిన భుజంలోకి దూర్చండి. ఒక దొప్పలో ఇంకో దొప్ప పెట్టినట్టు కుదురుగా కూర్చోవాలి. భుజాల్లో ప్యాడ్లు ఉంటాయి, మొత్తం జాగ్రత్త వాటి కోసమే. ప్యాడ్ మధ్యలో మడత పడిందంటే ఓడలో ఎవరూ దాన్ని సరిచేయలేరు, ఇస్త్రీ పెట్టెకి కూడా లొంగదు, భుజం మీద సొట్ట పడినట్టు ఉండిపోతుంది. కాబట్టి వేళ్లతో తడిమి చూడండి, ఎక్కడైనా గట్టిగా మడిచినట్టు తగిలితే మళ్లీ మొదటి నుంచి చేయండి. తొందరపడకండి.

సరిగ్గా వస్తే కోటు నిలువుగా సగానికి మడిచి ఉంటుంది, వీపు వైపు బట్ట ఒకదానికొకటి ఆనుకుని లోపలికి పోతుంది, లైనింగ్ బయటికి కనిపిస్తుంది, రెండు ల్యాపెల్స్ అంచులు కలుస్తాయి. మెడ దగ్గర కాలర్ పైకెత్తి ఉంచండి, కిందికి మడిచి ఉంటే అక్కడ నాలుగు పొరలు పడి గీత వస్తుంది. తర్వాత మంచం మీద పరిచి, లోపలికి చెయ్యి పెట్టి కోటు చేతులు రెండూ తిన్నగా ఉన్నాయో లేదో చూడండి. మెలి తిరిగి ఉంటే మోచేతి దగ్గర అడ్డదిడ్డంగా గీతలొస్తాయి. ల్యాపెల్‌ని మాత్రం అరచేత్తో అదిమి చదును చేయకండి, అది మెత్తగా వంగి ఉండాలి, పదునైన మడత పడకూడదు.

చివరిగా అడ్డంగా ఒక్క మడత, నడుము దగ్గర. ఖాళీగా మడవకండి, మధ్యలో రెండు మూడు టీషర్టులు చుట్టగా చుట్టి పెట్టి వాటి మీదుగా మడవండి. డ్రై క్లీనింగ్ షాపులో ఇచ్చే పల్చటి ప్లాస్టిక్ కవరులో దాన్ని ఉంచండి. ప్లాస్టిక్ మీద బట్ట జారుతుంది కాబట్టి బ్యాగు కదిలినా గీతలు పడవు. ఇలా మడిచినదాన్ని బ్యాగులో అన్నిటికంటే పైన పెట్టాలి. చుట్ట చుట్టి పెట్టే పద్ధతి కొందరు చెబుతారు, గాలి తీసేసే సంచులు కూడా అమ్ముతున్నారు. టీషర్టులకి అవి సరే, కోటుకి వద్దు. గాలి తీసేసేకొద్దీ బట్ట ఎలా ఉంటే అలా బిగుసుకుపోతుంది, ప్యాడ్లు నలిగిపోతాయి.

ఆ బ్యాగు కూడా చేత్తోనే పట్టుకెళ్లాలి. పోర్టులో పెద్ద సూట్‌కేసులు తీసుకుని ట్యాగు వేస్తారు, అవి మీ గది ముందుకి వచ్చేసరికి సాయంత్రమో, రాత్రో అవుతుంది. ఎంత తొందరగా హ్యాంగర్ ఎక్కితే కోటుకి అంత మంచిది.

గదిలోకి వెళ్లగానే తీసి తగిలించండి. ఓడ గదుల గోడలు ఎక్కువగా లోహంవే, ఇంటి నుంచి గట్టి అయస్కాంతం కొక్కేలు రెండు తీసుకెళ్తే అతుక్కుంటాయి, అల్మరా ఇరుకులో దూర్చే పని ఉండదు. ఇస్త్రీ పెట్టె, స్టీమర్ తీసుకెళ్లకండి. అగ్నిప్రమాదం భయంతో గదుల్లో వాటిని ఒప్పుకోరు, ఎక్కేటప్పుడు స్కానింగ్‌లో దొరికితే తీసి ఉంచుకుని దిగేటప్పుడు ఇస్తారు. కొన్ని ఓడల్లో లాండ్రీ గది ఉంటుంది, చాలావాటిల్లో డబ్బిచ్చి ఇస్త్రీ చేయించుకోవాలి. చొక్కాకి అదే మార్గం, కాటన్ చొక్కా ఆవిరికి మారదు. మొదటి రోజే ఇచ్చేయండి, ఫార్మల్ నైట్ రోజు మధ్యాహ్నం ఇస్తే సమయానికి వస్తుందన్న నమ్మకం లేదు, ఆ టెన్షన్ ఎందుకు.

కోటు మీద చిన్న ముడతలుంటే బాత్రూమ్‌లో నీళ్లు తగలని చోట తగిలించి, తలుపు మూసి, వేడినీళ్ల షవర్ కింద స్నానం చేసి రండి. గది చిన్నది కాబట్టి పది నిమిషాల్లో ఆవిరి పట్టేస్తుంది, ఉన్ని దానంతట అది సాగి సర్దుకుంటుంది. అయితే వెంటనే వేసుకోకూడదు. తేమ ఉన్న కోటు వేసుకుని కూర్చుంటే మోచేతుల దగ్గర, నడుము దగ్గర కొత్త ముడతలు పడి అలాగే ఆరిపోతాయి. కనీసం గంటసేపు బయట ఆరనివ్వండి. అందుకే ఈ పని పొద్దునే పెట్టుకోండి.

వేసుకున్నాక కింది గుండీ పెట్టకండి, కూర్చునేటప్పుడు పై గుండీ కూడా విప్పండి. రెండో ఫార్మల్ నైట్‌కి అదే సూటు, చొక్కా, టై మార్చుకుంటే చాలు. చివరి రాత్రి పెద్ద సూట్‌కేసులు గది బయట పెట్టమంటారు, పొద్దున దిగేటప్పుడు వేసుకునే బట్టలు ముందు పక్కకి తీసి, సూటుని మళ్లీ ఇదే మడత పెట్టి చేతి సంచిలో పెట్టుకోండి.