"నేల ధరకే ఇస్తున్నాం" అంటే: చెన్నైలో పాత ఇల్లు కొనేముందు జాగ్రత్తలు

మాంబళం, కోడంబాక్కం, సాలిగ్రామం, అడయారు వైపు పాత ఇల్లు అమ్మకానికి వచ్చిందంటే బ్రోకరు నోట మొదట వచ్చే మాట ఒకటే: "ఇల్లు లెక్కలో వేసుకోకండి సార్, నేల ధరే చెబుతున్నాను." ఒకటిన్నర గ్రౌండు స్థలం, మధ్యలో ఏడెనిమిది వందల చదరపు అడుగుల చిన్న ఇల్లు, ముందు మామిడిచెట్టు, వెనక బావి. ఇల్లు ఉచితంగా వస్తున్నట్టే అనిపిస్తుంది. అయితే ఆ వీధిలో నేల ధర అని చెప్పుకునేది ఖాళీగా, చిక్కుల్లేకుండా, రోడ్డు మట్టానికి ఉన్న స్థలం గురించి. మీరు చూస్తున్నది అది కాదు. దాని మీద ఇల్లుంది, ఇంట్లో ఎవరో ఉన్నారు, వెనక మూడు తరాల కాగితాలున్నాయి. అందుకే నేల ధర దగ్గర మొదలుపెట్టి, ఒక్కొక్క లోపానికీ ఎంత తగ్గించాలో లెక్క వేసుకుంటూ రావాలి.

ముందు టేపు పట్టుకోండి. గ్రౌండంటే 2400 చదరపు అడుగులు కాబట్టి ఒకటిన్నర గ్రౌండంటే 3600 ఉండాలి. దస్తావేజులో ఒక అంకె, పట్టాలో మరొకటి, నేల మీద ఇంకొకటి ఉండటం పాత ఇళ్లలో మామూలే. పక్కవాళ్లు ప్రహరీ తిరిగి కట్టుకున్నప్పుడు అరడుగు లోపలికి జరిగి ఉండవచ్చు. సర్వేయరును పిలిపించి నాలుగు వైపులా కొలిపించండి. మూడు అంకెల్లో ఏది తక్కువైతే దానికే ధర కట్టండి. ఆకారం కూడా చూడాలి. 40 అడుగుల ముఖం, 90 అడుగుల లోతు ఉన్న స్థలమూ, 20 అడుగుల ముఖంతో రైలుపెట్టెలా 180 అడుగులు లోపలికి పోయే స్థలమూ విస్తీర్ణంలో సమానమే. రెండో దాంట్లో పక్కల వదలాల్సిన ఖాళీ పోగా మిగిలేది ఒక వసారా అంత వెడల్పు.

మనవాళ్లు వీధిపోటు ఉందా లేదా అని చూసినంత శ్రద్ధగా వీధి వెడల్పు చూడరు. ఈశాన్యం పెరిగిందని సంబరపడి కొన్నవాళ్లను చూశాను. అక్కడ ఏం కట్టుకోవచ్చో తేల్చేది మాత్రం ఇంటి ముందున్న రోడ్డే. తమిళనాడు 2019 ఉమ్మడి భవన నిబంధనల ప్రకారం మామూలు ఎత్తు భవనాలకు ఎఫ్ఎస్ఐ (స్థలం విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టవచ్చో చెప్పే అంకె) 2. అంటే 3600 చదరపు అడుగుల స్థలంలో 7200 దాకా కట్టవచ్చని కాగితం మీద లెక్క. రోడ్డు ఇరుకైతే అంతస్తులకూ ఇళ్ల సంఖ్యకూ కత్తెర పడుతుంది, ఖాళీలు, కారు పార్కింగు పోగా ఆ 7200 చేతికి రాదు. రోడ్డు విస్తరణ గీత మీ స్థలంలో పడితే ఆ మేరకు వదులుకోవాలి కూడా. దస్తావేజులో 'ముప్పై అడుగుల రోడ్డు' అని ఉంటే నమ్మేయకుండా, పెద్ద రోడ్డు నుంచి ఇంటి దాకా నడిచి అన్నిటికంటే ఇరుకైన చోట గోడ నుంచి గోడకు కొలవండి. సముద్రం, అడయారు నది, కూవం దగ్గరైతే తీరప్రాంత నియంత్రణ నిబంధనలు వర్తిస్తాయో లేదో కూడా చెన్నై మహానగర అభివృద్ధి సంస్థ సీఎండీఏలో ముందే కనుక్కోండి.

ఇక చెన్నైలో పాత ఇంటికి అసలు పరీక్ష మట్టం. దశాబ్దాలుగా ఇక్కడ రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోయారు. పాత పొర గీకి తీసి వేయమని ప్రభుత్వం చెప్పినా, అప్పటికే పెరగాల్సినంత పెరిగిపోయింది. కట్టినప్పుడు వీధి నుంచి మూడు మెట్లెక్కి వెళ్లిన ఇంట్లోకి ఇప్పుడు రెండు మెట్లు దిగాల్సి వస్తోంది. గేటు దగ్గర నిలబడి గడప వైపు చూడండి: ఎక్కుతున్నారా, దిగుతున్నారా? గేటు అడుగున సిమెంటుతో చిన్న గట్టు కట్టి ఉంటే అది వాననీటి కోసమే. లోపల గోడకు నడుము ఎత్తు దాకా మాత్రమే కొత్త రంగు వేసి ఉంటే, ఆ రంగు కింద ఏముందో ఆలోచించండి. ప్లగ్గు పాయింట్లు పాత చోటు వదిలి భుజం ఎత్తుకు జరిగాయా? స్నానాలగది తూము దగ్గర గుడ్డ చుట్టిన ఇటుక ఉంటే, వానలో మురుగు వెనక్కి తన్నుతోందని అర్థం. 2015 డిసెంబరులోనూ, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానప్పుడూ నీళ్లు ఎంతవరకు వచ్చాయని యజమానిని అడగకండి, వీధి మొదట్లో ఇస్త్రీ బండి ఆయన్ని అడగండి. ఆయన చెయ్యి పెట్టి మరీ చూపిస్తాడు. టి.నగర్ అయితే మాకేం అనుకోవద్దు. ఆ పేటే 1920లలో మాంబళం చెరువు నేలలో లేచింది.

వీలైతే అక్టోబరు, నవంబరు నెలల్లో, ఈశాన్య రుతుపవనాల వాన గట్టిగా పడిన మర్నాడు వెళ్లి చూడండి. మే నెలలో ప్రతి ఇల్లూ పొడిగానే ఉంటుంది. ఇల్లు ఉంచుకునే ఉద్దేశమైతే నేల ఎత్తు చేయాలి, అప్పుడు కప్పు తలకు తగిలేంత దగ్గరవుతుంది. జాకీలతో ఇంటినే పైకి లేపేవాళ్లు చెన్నైలో ఉన్నారు గానీ, సున్నపు గోడల ఇంటికి ఆ పని చేయించే ముందు స్ట్రక్చరల్ ఇంజినీరు చూసి సరే అనాలి. పడగొట్టి కట్టేదైతే స్థలం మెరక చేసే మట్టి ఖర్చును ధరలోంచి తగ్గించండి.

కట్టడం సంగతి. 1950లకు ముందువైతే చాలావరకు మద్రాసు టెర్రస్ కప్పులే: టేకు దూలాల మీద నిలువుగా పేర్చిన ఇటుకలు, ఆపైన సున్నంతో ఇటుక ముక్కల కాంక్రీటు. దూలం మధ్యలో గట్టిగానే కనిపిస్తుంది, గోడలోకి దూరిన కొన దగ్గర కుళ్లుతుంది. అక్కడ స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి. మెత్తగా దిగిపోతే ఆ గది కప్పు మీద నమ్మకం పెట్టుకోవద్దు. 1970, 80లలో కట్టిన స్లాబు ఇళ్లకు వేరే జబ్బు. సముద్రపు ఉప్పు తగిలి లోపలి ఇనుము తుప్పు పట్టి, ఉబ్బి, పెచ్చులూడుతుంది. సన్‌షేడు అడుగున గోధుమరంగు చారలు చూడండి, చిన్న సుత్తితో తట్టండి, డొల్ల చప్పుడు వస్తే ఖర్చు మొదలైనట్టే. వైరింగు, పైపులు ఎలాగూ మొత్తం మార్చాలి, వాటి గురించి ఎక్కువ ఆలోచించనక్కరలేదు. ఒక మంచి మాట కూడా ఉంది. అసలైన టేకు తలుపులు, దూలాలు ఉన్న ఇంటిని కూల్చడానికి కాంట్రాక్టర్లు తరచూ ఎదురు డబ్బిస్తారు. ఉచితమన్న ఇంట్లో వెలకట్టదగ్గ సామాను అదే. కాబట్టి అమ్మేవాళ్లు అడ్వాన్సు తీసుకున్నాక తలుపులు ఊడదీసుకుని పోకుండా ఒప్పందంలో రాయించండి.

కాగితాల సంగతి లాయరు చూసుకుంటాడులే అని వదిలేయకండి, ఆయనకు కనబడేది మీరు తెచ్చి ఇచ్చిన కాగితాలే. ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల ధ్రువపత్రం) ఆన్‌లైన్‌లో సాధారణంగా 1975 నుంచి వస్తుంది. అంతకు ముందుది సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో వెతికించాలి, పాత ఇంటికి అసలు కథంతా అక్కడే ఉంటుంది. ఈసీ శుభ్రంగా ఉందని కూడా నిశ్చింతగా ఉండకండి. అసలు దస్తావేజులు అప్పిచ్చినవారి దగ్గర ఉంచి తాకట్టు పెట్టే పద్ధతి 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోనే ఉంది. చాలాకాలం ఆ తాకట్టుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అందుచేత పాత తాకట్టు ఈసీలో కనబడకపోవచ్చు. "ఒరిజినల్ పోయింది, పోలీసు ఫిర్యాదు కాపీ ఇస్తాం" అన్నారంటే బేరం అక్కడే ఆపి, పత్రికల్లో ప్రకటన వేయించి, జవాబుల కోసం వేచి చూడాలి.

వారసుల లెక్క మీరే వేయండి. తాత కట్టిన ఇంటికి ముగ్గురు కొడుకులు సంతకం పెడతామంటారు. పెళ్లయి విజయవాడలోనో డల్లాస్‌లోనో ఉన్న అక్కచెల్లెళ్ల ఊసెత్తరు. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు పుట్టుకతోనే హక్కుందని 2005 సవరణ చెప్పింది, సుప్రీంకోర్టు 2020లో దాన్ని ఖరారు చేసింది. అందరి సంతకాలూ కావాలి. విదేశాల్లో ఉన్నవాళ్లు అమ్మితే మీరు మినహాయించాల్సిన పన్ను మామూలు ఒక శాతం కాదు, చాలా ఎక్కువ. డబ్బు ఇచ్చే ముందే ఆడిటరును అడగండి. వీలునామా ద్వారా వచ్చిన ఆస్తి అయితే ప్రొబేట్ (వీలునామా నిజమైనదేనని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ) కాగితం అడగండి. చెన్నై ఆస్తులకు చాలాకాలం అది తప్పనిసరిగా ఉండేది.

మైలాపూరు, ట్రిప్లికేను లాంటి చోట్ల ఇంకో చిక్కు: ఇల్లు అమ్మేవాడిది, నేల గుడిది. దస్తావేజులో కట్టడం మాత్రమే అని రాసి ఉందేమో ఒక్కొక్క మాటా చదివించుకోండి. దీనికి తిరగబడ్డ చిక్కు కూడా ఉంది. పెద్ద స్థలం వెనక మూలన ఎవరో నేలకు అద్దె కడుతూ సొంతంగా షెడ్డు వేసుకుని ఉంటారు. ఏనాటిదో పాత కౌలైతే, 1921 నాటి నగర కౌలుదారుల రక్షణ చట్టం కింద ఆ నేల తనకే అమ్మమని కోర్టుకు వెళ్లే అవకాశం కొందరికి ఉంది. వెనక్కి వెళ్లి ఆ షెడ్డు తలుపు తట్టి, ఎవరికి ఎంత కడుతున్నారో మాట్లాడి రండి.

చివరగా, టోకెన్ అంటూ తెల్లకాగితం మీద సొమ్ము ఇవ్వకండి, అమ్మకపు ఒప్పందం రిజిస్టరు చేయించండి. కొలిచిన విస్తీర్ణానికే ధర అని, పట్టా అమ్మేవారి పేరుకు మారాకే తుది రిజిస్ట్రేషన్ అని, ఇల్లూ షెడ్డూ ఖాళీ చేసి తాళాలు అప్పగించిన రోజునే మిగతా సొమ్ము అని అందులో రాయించండి. దీనికి ఒప్పుకోని అమ్మకందారుకు తొందర ఎందుకో వీధిలో మరో నలుగురిని అడిగి తెలుసుకోండి.