ఆదివారం తలంటుకి గంట దొరకాలంటే

శనివారం రాత్రే పని మొదలుపెట్టాలి. పొద్దున లేచాక చూద్దాం అనుకుంటే ఆ గంట టిఫిన్లకీ బట్టలకీ పోతుంది. నేను గుప్పెడు కుంకుడుకాయలు కొట్టి, గింజలు తీసేసి, వేడినీళ్లలో వేసి మూత పెట్టేస్తాను. ఇడ్లీ పిండి రెడీగా ఉంటే టిఫిన్ మా ఆయనే చూసుకుంటారు. చట్నీ సంగతి మాత్రం అడక్కండి, ఆయన లెక్కలో కారప్పొడే చట్నీ.

పొద్దున నువ్వులనూనె గిన్నెని వేడినీళ్లలో కాసేపు ఉంచితే చాలు, స్టవ్ మీద కాచక్కర్లేదు. మాడుకి, మెడ వెనక, భుజాలకి, అరికాళ్లకి నిదానంగా పట్టించండి. వారమంతా బట్టల షాపు కౌంటర్లో నిలబడే నాకు అసలు సుఖం అరికాళ్లదే. తర్వాత అరగంట ఊరికే కూర్చోవాలి, ఫోన్ పక్కగదిలో పెట్టేసి. పిల్లలు తలుపు కొడితే "నాన్ననడుగు" అనండి. మొదట్లో గిల్టీగా ఉంటుంది, అలవాటైపోతుంది.

ఒంటికి సున్నిపిండి, తలకి వడకట్టిన కుంకుడు రసం. కళ్లు గట్టిగా మూసుకోండి, లేకపోతే భగ్గుమంటాయి. నూనె కాళ్లతో జారిపోకుండా బాత్రూంలో పాత తువ్వాలు పరవండి. ఆదివారం డ్యూటీ ఉంటే వీక్లీ ఆఫ్ రోజు పెట్టుకోండి.